డిస్కుమీది అక్షరాలు

జూబిలీహిల్స్ మిట్టలను ఎరిగినవారికి సైకిలెక్కుట ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఎక్కుటలో ఆయాసమే గాని ప్రమాదము లేదని, ప్రమాదమంతయు దిగుటలోనే గలదని మేము అనుభవము మీదనే తెలిసికొన్నాము. ఆ అనుభవమును పాఠక మిత్రులతో పంచుకొనుటయే ఈ చిన్న వ్యాసము యొక్క ఉద్దేశము.

మేమిద్దరము షేక్‌పేటలో ఒకే గదిలో ఉంటున్నాము. మాలో ఒకరిది ఉర్దూ, మరొకరిది తెలుగు. ఇద్దరికీ కలిపి ఒకటే సైకిలు. అది సెకండ్‌హ్యాండులో కొన్న మౌంటెన్ బైకు. ముందూ వెనుకా తీగతో పనిచేసే డిస్కు బ్రేకులు. ఒకనాడు ఒకరు దానిపై జూబిలీహిల్స్‌కు ట్యూషను చెప్పబోతే, మరునాడు రెండవవారు ఫిలింనగర్‌లో ఒక ఎడిటింగు గదికి సాయంకాలపు పనికి పోయేవారు. ఒకప్పుడు మదరాసులో ఉండిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమముగా హైదరాబాదుకు తరలివచ్చి ఈ రాళ్లగుట్టల నడుమ నిలద్రొక్కుకొన్నది. తెరమీద కథానాయకుడు ఎంతటి వాలులోనైనను వాహనమును చిటికెలో ఆపగలడు. మా సంగతి అట్లు కాదు.

ఒకనాటి రాత్రి ఫిలింనగర్ నుండి షేక్‌పేట వైపు దిగుచుండగా బ్రేకు పిడి దాదాపు హ్యాండిలుకు తగిలినది. సైకిలు మాత్రము ఆగలేదు. పూలగంపతో రోడ్డు దాటుచున్న ఒక పెద్దమ్మ ప్రక్కకు తప్పుకొన్నది గనుక సరిపోయినది. "ఏం బిడ్డా, పానం తీస్తవా?" అని ఆమె అడిగిన ప్రశ్నకు ఆనాడు మావద్ద సమాధానము లేదు.

మరునాడు చక్రము విప్పి, కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలకు డిస్కును తీసికొనిపోయినాము. మొదట వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచితిమి, 1.8 మిల్లీమీటర్లు వచ్చినది. కొత్త డిస్కు మందము సాధారణముగా అంతే. "దీనికేమియు కాలేదు" అని సంతోషించితిమి. కాని వేలితో తడిమి చూడగా అంచున సన్నని గట్టు తగిలినది. ప్యాడు తాకని అంచు అరగక నిలిచియుండగా, మేము కొలిచినది ఆ అంచునే! స్క్రూ గేజితో నడుమభాగమును కొలువగా 1.42 మాత్రమే తేలినది. మసి తుడిచి చూచితిమి. కనీస మందము 1.5 అని దానిమీదనే చెక్కియున్నది. ప్రక్కనే మరియొక మాట గలదు: రెసిన్ ప్యాడ్లు మాత్రమే వాడవలెనని.

ఆ మాట చదివి మేము సిగ్గుపడితిమి. ఆరునెలల క్రితము, ఎక్కువకాలము మన్నునను ఆశతో లోహపు ప్యాడ్లు వేయించినది మేమే. ప్యాడ్లు మన్నినవి, మెత్తని ఉక్కుతో చేసిన డిస్కు అరిగిపోయినది. గుట్టల నుండి లేచు ఇసుక దుమ్ము దానికి తోడైనది. రెండు లిపులు నేర్చిన మేము కాలిక్రింది అక్షరములు చదువలేకపోతిమి గదా!

కొత్త డిస్కు కొనుటలో ఒక లెక్క వేసికొంటిమి. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలనుకొని, 50 మీటర్ల ఎత్తునుండి దిగినచో, సుమారు 39,200 జౌళ్ల శక్తి వెలువడును. గాలి కొంత హరించినను, నిదానముగా దిగునప్పుడు అధికభాగము బ్రేకులలో వేడిగా మారవలసినదే. అందుచేత పెద్ద డిస్కు మేలు. 160 మిల్లీమీటర్ల దానికంటె 180 మిల్లీమీటర్ల డిస్కు, అదే పట్టుకు, ఎనిమిదవ వంతు ఎక్కువగా నిలువరించును. వేడిని భరించుటకు లోహమును ఎక్కువ. అయితే ముందరి ఫోర్కు ఆ కొలతను అనుమతించవలెను; క్యాలిపరుకు అడాప్టరు కావలెను. హబ్ ఆరు బోల్టులదా, సెంటర్‌లాక్ పద్ధతిదా అన్నది మరువరాదు. మాది ఆరు బోల్టులది.

దుకాణములో ఉస్తాదు రెండు రకాలు చూపినాడు. ఒకటి సగము ధరకే, నిండుగా చిల్లులతో, చూచుటకు సినిమా సెట్టువలె మెరయుచున్నది. మందమునకు గాని, ప్యాడ్లకు గాని సంబంధించిన అక్షరమొక్కటియు దానిపై లేదు. రెండవది నిరాడంబరమైన స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు రకాల ప్యాడ్లకును తగినదని, కనీస మందమెంతయో స్పష్టముగా చెక్కియున్నది. "బేటా, అరిగేది ప్యాడ్ కావాలె, డిస్క్ కాదు" అన్నాడాయన. చౌకైనది అరిగి ఖరీదైనదానిని కాపాడవలెనను ఆ సూత్రము మాకు నచ్చినది. పండుగ చొక్కాలు మానుకొని, ముందుకు 180, వెనుకకు 160, వానితో రెసిన్ ప్యాడ్లు కొంటిమి. వానలో ప్యాడ్లు త్వరగా అరిగినను సరే, మార్చుకొనవచ్చును.

బోల్టులను ఎదురెదురు క్రమములో బిగించి, నూనెచేతులు సోకకుండ డిస్కులను స్పిరిటుతో తుడిచితిమి. చదునైన వీధిలో ఇరువదిసార్లు వేగమును తగ్గించుచు, పూర్తిగా ఆపక, ప్యాడ్లను డిస్కునకు అలవాటు చేసితిమి. ఆ పిమ్మటనే వాలు దిగితిమి.

కథ అంతటితో ముగియలేదు. పొరుగుగదిలోని జూనియరు తమ్ముడొకడు, "అన్నా, ఆ పాత డిస్కు నా సైకిలుకిస్తారా?" అని అడిగినాడు. అతని డిస్కు వంగియున్నది. చేతిలో డబ్బు లేదు. ఇచ్చివేయుదమని మాలో ఒకరమనగా, రెండవవారు స్క్రూ గేజి లెక్కను జ్ఞాపకము చేసినారు. ఉచితముగా ఇచ్చినంత మాత్రమున ప్రమాదము దానమగునా? మేము డిస్కును ఇవ్వలేదు. ఆ ఆదివారము అతనిని వెంటబెట్టుకొని ఉస్తాదు వద్దకు పోయి, మొదటిజీతము వరకు బాకీగా కొత్తదానిని వేయించితిమి. హామీ మాది.

పాత డిస్కు ఇప్పుడు మా గది గోడన మేకునకు వ్రేలాడుచున్నది. ఈ సైకిలు నేడు ఒకరు ఎక్కినచో రేపు మరొకరు ఎక్కుదురు. మనము దానిని ఎట్లు ఉంచితిమో, మన తరువాతివారు అట్లే దిగవలసియుండును. బయలుదేరుటకు ముందు ఇద్దరిలో ఎవరో ఒకరము ఆ గోడవంక చూచి, బ్రేకు పిడిని ఒకసారి నొక్కి చూచుకొందుము. పిదపనే తలుపు తీయుదుము.