మంచం కింద చుక్క

మా నరసరావుపేట ఇంట్లో కుక్కపిల్ల చుక్కకి ఎనిమిదో నెల. మొన్నమొన్నటిదాకా గేటు చప్పుడైతే ఎదురెళ్ళి తోకాడించేది. ఇప్పుడు గ్యాస్ బండ తెచ్చే అబ్బాయిని చూస్తే చాలు, మంచం కింద దూరుతోంది. తోక కాళ్ళ మధ్య, మాటిమాటికీ మూతి నాక్కోవడం.

మొదట్లో నేను చేసిన పని తలుచుకుంటే సిగ్గేస్తుంది. బెల్టు పట్టి లాక్కొచ్చి పాలాయన చేత తల నిమిరించాను. మర్నాటి నుంచి పాలక్యాను చప్పుడుకే వణుకు.

కుక్కపిల్లలకి మనుషులు అలవాటయ్యే అదను 3 నుంచి 12 వారాల మధ్యనని స్కాట్, ఫుల్లర్ అనే పరిశోధకులు 1965లోనే పుస్తకంలో రాశారు. ఆ అదను బాగానే గడిచినా, ఎదిగే వయసులో కొన్నిటికి భయం తిరగబెడుతుంది. పౌరుషాల పల్నాడులో పిరికి కుక్కేమిట్రా అని పక్కింటి బాబాయి ఎకసెక్కెం. పౌరుషం పల్నాటి యుద్ధం జరిగిన కారంపూడిలో వెతుక్కో బాబాయ్ అన్నాను.

ఇప్పుడు పాలాయన గేటు అవతలే ఆగుతాడు. దానివంక చూడడు, పిలవడు. ఆయన కనబడగానే వసారాలో ఉడికిన గుడ్డు ముక్క వేస్తాను, వెళ్ళగానే ఆపేస్తాను. ముట్టకపోతే ఆయన ఇంకా మరీ దగ్గరున్నట్టే లెక్క, రెండడుగులు వెనక్కి జరగమంటాను. పాపం, ఓపికున్న మనిషి. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు, మైకులు, జనం; ఆ రోజు మాత్రం వెనక గదిలో ఉంచి తలుపేస్తాను.

నిన్న గేటు సందులోంచి పాలాయన చెప్పుల వాసన చూసి, మళ్ళీ మంచం కిందికి పరుగు.