ఊరి వెలుపల

మూడేండ్ల క్రిందట ఏడవ తరగతిలో ఉత్తర అమెరికా పాఠము చెప్పుచు, ‘సబర్బు’ అను మాటకు “ఊరి వెలుపలి నివాసము” అని నల్లబల్లపై వ్రాసితిని. వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, “అయ్యగారూ, అంటే మా పేటలాంటిదా?” అని యడిగెను. గంట కొట్టు వేళ యగుటచే, “అటువంటిదే, కూర్చో నాయనా” అంటిని. నేనును వాగునకు అవతలి పేటలో పుట్టినవాడనే. ఆ తొందరపాటు ఉత్తరము నన్ను చాలకాలము బాధించినది.

గత వేసవి సెలవులలో అమెరికాలోని మా తమ్ముని యింటికి పోవు నవకాశము కలిగెను. అతని నివాసము న్యూజెర్సీ రాష్ట్రమందలి మిడిల్‌సెక్స్ కౌంటీ. కౌంటీ యనగా మన జిల్లా వంటిదే కాని విస్తీర్ణమున మిక్కిలి చిన్నది. ఇది 1683లో నేర్పడినది. న్యూయార్కు మహానగరమునకు నైరుతి దిక్కున నున్నది. 2020 జనాభా లెక్కలలో నిందు 8,63,162 మంది యుండిరి. రారిటన్ నది న్యూ బ్రన్స్విక్ పట్టణము నొరసికొని పోయి, పెర్త్ ఆంబోయ్ వద్ద సముద్రపు అఖాతమున కలియును.

ఒక యూరెక్కడ ముగిసి మరియొక యూరెక్కడ మొదలగునో నాకు తెలియలేదు. రచ్చబండ లేదు, ఊరి చెరువు లేదు, వీధిలో నడచువాడును అరుదు. ఇండ్లు, పచ్చిక, మరల ఇండ్లు. 1950 తరువాత పెద్ద రహదారులు పడుటతో పొలములనేకము ఇండ్ల స్థలములైనవట. ఉదయమున జనము మెట్రోపార్కు స్టేషనులో రైలెక్కి న్యూయార్కు పోయి, సాయంకాలమునకు తిరిగి వత్తురు. ఊరి వెలుపల నుండుటకై వారు ముప్పదియేండ్లు అప్పు తీర్చుకొందురు! మా తాతగారికి ఈ మాట చెప్పిన నమ్మియుండరు.

మా తమ్ముడుండు టౌన్‌షిప్పునకు పూర్వము రారిటన్ అని పేరు. 1954లో ఎడిసన్ అని మార్చిరి. ఇచ్చటి మెన్లో పార్కులోనే థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును, 1879లో విద్యుద్దీపమును సిద్ధపరచెను. ఆ చోట నొక స్మారక గోపురమును, దాని శిఖరమున పెద్ద గాజు బల్బును కలవు. చూచి సంతోషించితిని.

1965లో అమెరికా వలస చట్టము మారిన తరువాత మనవారనేకులు ఆ దేశమునకు పోయిరి. ఓక్ ట్రీ రోడ్డు పొడవునను మన దేశపు అంగళ్లే. అచ్చట కూరగాయల దుకాణములో తెలుగు పెద్దమనిషి యొకరు నన్ను పలుకరించి, మా యూరి పేరు వినగానే, “మా మేనత్తగారి ఊరేనండీ!” అని నా చేయి పట్టుకొనిరి. పిమ్మట మెల్లగా, “మీ యిల్లు రామాలయం వైపా, వాగు వైపా?” అనిరి. తమ్ముడు గోంగూర కట్టలు లెక్కపెట్టసాగెను. “వాగు అవతలండీ” అంటిని. “అలాగా” అని చేయి వదలి, తక్కెడ వైపు నడచిరి.

ఆ వారమే పెర్త్ ఆంబోయ్ పోయితిమి. అచ్చటి సెయింట్ పీటర్స్ దేవాలయపు ఆవరణలో థామస్ మండీ పీటర్సన్ సమాధి కలదు. ఆయన నల్లజాతివాడు, ఒక పాఠశాలలో ఊడ్చి తుడిచి కాపాడు పని చేసినవాడు. జాతి కారణమున ఓటు నిరాకరింపరాదను పదునైదవ రాజ్యాంగ సవరణ ప్రకటింపబడిన మరునాడే, 1870 మార్చి 31న, ఆయన ఆ పట్టణములో ఓటు వేసెను. ఆ సవరణ క్రింద ఓటు వేసిన మొదటి నల్లజాతివాడాయనే. 1884లో పట్టణవాసులు చందాలు వేసికొని ఆయనకొక పతకమిచ్చిరి. మేము అచ్చట చాలసేపు నిలిచితిమి. తమ్ముడు దుకాణపు మాట ఎత్తలేదు, నేనును ఎత్తలేదు.

ఆ బాలుడిప్పుడు పదవ తరగతి. జూన్ మాసమున బడి తెరచిన దినముననే వానిని పిలిచి, నాడు నేను చెప్పినది తప్పని యొప్పుకొని, చూచినదెల్ల చెప్పితిని. దుకాణపు సంగతి కూడ దాచలేదు. వాడంతయు విని, “అక్కడ మన పేటవాళ్ళెవరైనా ఉన్నారా అయ్యగారూ?” అని యడిగెను.

మా తమ్ముని పేరు చెప్పితిని.