ఖూన్ కలిస్తే సిమెంట్ పట్టదు

పన్నులో పెట్టేది కూడా సిమెంటే. పేరుకు కాదు, నిజంగానే. మినరల్ ట్రైఆక్సైడ్ అగ్రిగేట్, పొట్టిగా ఎంటీఏ అనే ఆ పౌడర్‌లో ఎక్కువ భాగం ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంట్ లాంటిదే. ఎక్స్‌రేలో కనబడాలని బిస్మత్ ఆక్సైడ్ కలుపుతారు. ఇరాన్‌లో పుట్టి, అమెరికాలో లోమా లిండా యూనివర్సిటీలో పనిచేసిన మహమూద్ తొరాబినెజాద్ దీన్ని తయారుచేశారు. 1993లో దీని సంగతి తొలిసారి డాక్టర్ల పత్రికల్లోకి వచ్చింది.

మా అబ్బా నలభై ఏళ్లు మేస్త్రీ పని చేశారు. ఒకచోట రూట్ కెనాల్ చేస్తుండగా ఆయన దవడ పన్ను అడుగున చిల్లు పడింది. దాన్ని మూయడానికి వేరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆ చిల్లులోంచి ఖూన్ ఆగడం లేదు. డాక్టర్ సెలైన్‌తో కడిగారు, దూది పెట్టి నొక్కారు, చూశారు, మళ్లీ నొక్కారు. చివరికి ఆ రోజుకు క్యాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి, పైన తాత్కాలికంగా మూసి, వారం తర్వాత రమ్మన్నారు.

ఇంటికొచ్చాక భాయీజాన్‌కు గుస్సా వచ్చింది. "పైసల కోసం తిప్పుతున్నాడు" అన్నాడు. అబ్బా మాత్రం చల్లగా అన్నారు: "మిట్టీ మిలీ సో రేత్ మే సిమెంట్ నై పకడ్తా." మట్టి కలిసిన ఇసుకలో సిమెంట్ పట్టదని.

ఆ మాటలో హకీఖత్ ఉంది. ఎంటీఏకు తడి కావాలి. అందుకే దాన్ని నీళ్లతో కలిపి పెట్టి, పైన తడి దూది ఉంచుతారు. గోడకు నీళ్లు కొట్టినట్టే. మొదటి రకం గట్టిపడటానికి సుమారు 2 గంటల 45 నిమిషాలు పట్టేది. కానీ ఖూన్ ఉత్త నీళ్లు కాదు. అందులోని ప్రోటీన్లు సిమెంట్ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోకుండా అడ్డుపడతాయి. స్ఫటికాలు సరిగా కట్టవు, గట్టిదనం తగ్గుతుంది, పన్ను గోడను పట్టుకునే బలమూ తగ్గుతుంది. సన్న రంధ్రాల్లో ఇంకిన ఖూన్ తర్వాత విరిగి, పన్ను నల్లబడేలా కూడా చేస్తుంది. గ్లాస్ అయానమర్ సిమెంట్‌కూ ఇదే ఖత్రా: పెట్టిన కొత్తలో ఖూన్ గానీ ఉమ్మి గానీ తగిలితే పట్టు పోతుంది.

అంటే ఆ వారం రోజులు డాక్టర్ మన జేబు చూసి అడిగినవి కావు. ఆ రోజే ఖూన్‌లో సిమెంట్ దూర్చి పంపిస్తే మాకు పని అయిపోయినట్టే కనబడేది. ఆ లోపం పైకి తెలియడానికి నెలలు పట్టేది.

అబ్బాకు గుండెలో స్టెంట్ ఉంది, ఖూన్ పలచబడే గోలీలు వేసుకుంటారు. ఆ సంగతి ముందే చెప్పాం గనుక డాక్టర్ తొందరపడలేదు. మీ ఇంట్లో పెద్దలను తీసుకెళ్లేటప్పుడు గోలీల చీటీ తప్పక వెంట పెట్టుకోండి. ఖూన్ వస్తుందన్న ఫికర్‌తో ఆ గోలీలను మీ అంతట మీరు ఆపొద్దు, అది జాన్‌కే ప్రమాదం. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టర్, పన్ను డాక్టర్ మాట్లాడుకుని తేల్చాలి. డాక్టర్ "ఇవాళ కాదు, మళ్లీ రండి" అంటే కోపం తెచ్చుకోకుండా ఎందుకని అడగండి. జవాబు ఖూన్ గురించే అయితే, వెళ్లి మళ్లీ రండి.