నడిచే ఇల్లు

బాలలూ! ఇల్లు నడుస్తుందా? "ఓ, నత్త ఇల్లు నడుస్తుంది!" అని మీలో చురుకైనవారు వెంటనే అంటారు. నిజమే. కాని మనుషుల ఇండ్లు కూడ నడుస్తాయి. అటువంటి ఇల్లొకటి మా కొట్టంలో నలభై ఏండ్లు కదలకుండా పడి ఉన్నది. దానిని మేము ఇంటిల్లిపాదీ కలిసి ఎలా నడిపించామో, ఆ పనిలో నేను చేసిన పొరపాటేమిటో, దానిని ఆదిలాబాదు అడవులలోని ఒక గోండు పెద్ద ఒక్క ప్రశ్నతో ఎలా కనిపెట్టాడో చెబుతాను, వినండి.

మా ఊరు ధర్మపురికి రెండు కోసుల దూరం. కరీంనగరు జిల్లాలో ఉండేది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జగిత్యాల జిల్లాలో చేరింది. నా చిన్నతనంలో మా ఇంట ఒక కచ్చురం ఉండేది. కచ్చురమంటే సవారీ బండి. రెండు పెద్ద చక్రాలు, పైన వెదురు గూడు, గూటిమీద చాప, లోపల మెత్తగా పరిచిన వరిగడ్డి, దానిమీద జంపఖానా. ధర్మపురి నరసింహస్వామి జాతరకు అందులోనే పోయేవాళ్ళం. గోదావరి ఒడ్డున ఎడ్లను విప్పి, బండిని చెట్టు నీడన నిలిపితే ఆ రెండు రోజులూ అదే మా ఇల్లు. పక్కన మూడు రాళ్ళ పొయ్యిమీద వంట. రాత్రి గూటిలో అవ్వ పక్కన నిద్ర.

తరువాత బస్సులు వచ్చాయి, ఎడ్లు పోయాయి. కచ్చురం కొట్టంలోకి చేరింది. చాప చివికింది, గూటికి చెదలు పట్టింది, కోళ్ళు అందులో గుడ్లు పెట్టసాగాయి.

మూడేండ్ల కిందట ఒకాయన వచ్చి, రెండు చక్రాలు అమ్ముతారా అని అడిగాడు. రంగు వేసి హోటలు వాకిట్లో గోడకు ఆనించి పెడతాడట. మంచి ధరే చెప్పాడు. మా అబ్బాయి సరేననబోతున్నాడు.

"తాతా, చక్రాలు పోతే మిగిలినదాన్ని ఏమంటారు?" అని మా మనుమరాలు అడిగింది.

నాకు జవాబు తోచలేదు. "పొయ్యిలో కట్టెలంటారు బిడ్డా!" అన్నది మా ఇంటావిడ. అంతే, బేరం అక్కడితో ఆగిపోయింది.

పిల్లలూ, పాత బండి బాగుచేసే పిచ్చి మా ఒక్కరిదే అనుకోకండి. కెనడా దేశంలో విన్నిపెగ్ అనే నగరమున్నది. అక్కడ రే ఒలెకో అనే ఆయన రూపు దిద్దిన చిన్న చక్రాల ఇల్లు 1968లో తయారయింది. దాని పొడవు 13 అడుగులు, పేరు బోలర్. ఆ పేరుగల గుండ్రని టోపీలా ఉంటుందని అలా పిలిచారు. కారు వెనుక తగిలించి ఎక్కడికైనా లాక్కుపోవచ్చు. దాని గోడలు చెక్కవి కావు, రేకువి కావు, ఫైబర్‌గ్లాసువి. గాజును సన్నని పోగులుగా తీసి, ఆ పోగులను జిగురువంటి రెజిన్‌లో తడిపి, అచ్చులో పరిస్తే అది గట్టిపడి తేలికైన పెంకు అవుతుంది. పై పెంకు ఒకటి, కింది పెంకు ఒకటి చేసి, కొబ్బరి చిప్పల్లా నడుమ కలిపారు. ఆ పెంకు తుప్పు పట్టదు, చెదలు తినవు. కాని కిటికీల రబ్బరు ఎండితే నీరు కారి లోపలి చెక్క నేల చివుకుతుంది. వాటి తయారీ 1980లలో ఆగిపోయినా, అక్కడి కుటుంబాలు పాత బోలర్లను వెతికి, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి నేల మార్చి, రంధ్రాలు పూడ్చి, మళ్ళీ రోడ్డెక్కిస్తున్నారు. 2018లో దానికి యాభై ఏండ్లు నిండినప్పుడు ఆ ఇండ్లు చాలా విన్నిపెగ్‌లో ఒక చోట చేరాయి. మన మాటలో చెప్పాలంటే అదొక జాతర!

ఇక మా పని సంగతి. మా అబ్బాయి ప్రతి ఆదివారం కరీంనగరు నుండి పిల్లలతో వచ్చేవాడు. గూడు మా ఇంటావిడ, కోడలు తీసుకున్నారు. మేదరి దగ్గర వెదురు బద్దలు చీల్పించి, వంచి కట్టారు. నొగలు, కాడి రుద్ది నూనె పట్టించే పని పిల్లలది. చక్రాల పని మాత్రం మాకెవరికీ రాదు. దానికి మా ఊరి పాత వడ్రంగి తాతను పిలిచాము. ఆయనకు ఎనభై దాటాయి. చుట్టుపక్కల ఊళ్ళలో బండి చక్రం తెలిసినవాడు ఆయనొక్కడే మిగిలాడు.

ఆయన మా మనుమరాలికి చక్రాన్ని ఇలా వివరించాడు. నడుమ ఉన్నది కుండ. దానిలో గుచ్చినవి ఆకులు, పన్నెండు. ఆకుల చివరలను కలిపే వంకర చెక్కలు పూటీలు, ఆరు. ఒక్కొక్క పూటీకి రెండేసి ఆకులు. పూటీల చుట్టూ ఇనుప కట్టు. కదలని ఇరుసు మీద కుండ తిరుగుతుంది; చక్రం జారిపోకుండా ఇరుసు చివర చీల. "దీంట్ల మేకుతో కొట్టి నిలిపిందేదీ లేదు బిడ్డా. అన్నిటిని కట్టే పట్టుకుంటది" అన్నాడు. మూడు పూటీలు చివికిపోతే, తుమ్మకర్రతో కొత్తవి చెక్కాడు.

ఇనుప కట్టు ఎలా పట్టుకుంటుంది? ఇక్కడే ఒక శాస్త్ర రహస్యమున్నది. మా చక్రం అడ్డంగా 5 అడుగులు. 22ను 7తో భాగించి 5తో గుణించండి, అంగుళాల కోసం మళ్ళీ 12తో గుణించండి. చుట్టుకొలత సుమారు 188న్నర అంగుళాలు వస్తుంది. కమ్మరి చిన్న ఇనుప చక్రాన్ని పెద్దచక్రం వెంట దొర్లించి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని, కట్టును దానికంటె ముప్పాతిక అంగుళం తక్కువగా చేస్తాడు. తక్కువైన కట్టు చక్రానికి ఎలా ఎక్కుతుంది? పిడకలు చుట్టూ పేర్చి కట్టును ఎర్రగా కాలుస్తారు. వేడికి ఇనుము వ్యాకోచిస్తుంది. 600 డిగ్రీలు వేడెక్కితే అంత పొడవు కట్టు అంగుళానికి పైగా సాగుతుంది. అప్పుడు ముగ్గురు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, సుత్తులతో దించి, వెంటనే నీళ్ళు గుమ్మరిస్తారు. ఇనుము ముడుచుకుని ఆకులనూ పూటీలనూ కుండనూ ఒక్కటిగా బిగిస్తుంది.

దీనిని మీరూ చూడవచ్చును. బిగుసుకుపోయిన సీసా ఇనుప మూతమీద, అమ్మ దగ్గరుండగా, కాస్త వేడినీరు పోయించండి. మూత వదులవుతుంది. సూత్రం ఒకటే.

మా కట్టు ఎక్కించిన రోజు శ్రావణమాసం. వడ్రంగి తాత ముందే వారించాడు: "సారూ, కర్రకు ఇంక వాన ఇడువలే. ఎండకాలం దాక ఆగుదాం." నేను వినలేదు. దసరా సెలవులకు బండి నిలబడాలని నాకు తొందర. కట్టు చక్కగా ఎక్కింది. చూడవచ్చిన వారంతా భేష్ అన్నారు. నేనూ పొంగిపోయాను.

ఆ ఏడు పుష్యమాసంలో పిల్లలకు నడిచే ఇండ్ల జాతర చూపిద్దామని ఆదిలాబాదు వైపు బయలుదేరాము. ధర్మపురి దాటి, రాయపట్నం వంతెనమీద గోదావరిని దాటితే లక్షెట్టిపేట. అక్కడినుండి జన్నారం. ఆ తరువాత కవ్వాల్ అడవి. 2012లో దానిని పులుల రక్షణ కేంద్రంగా ప్రకటించారు. రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు. ఉట్నూరు మీదుగా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూరు చేరాము.

అక్కడ పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశపు గోండులు నాగోబాకు మహాపూజ చేస్తారు. పూజకు కావలసిన గోదావరి జలాన్ని జన్నారం మండలంలోని కలమడుగు దగ్గర హస్తినమడుగు నుండి కాలినడకన తెస్తారు. కుటుంబాలు ఎడ్లబండ్లలో పిల్లలతో, వంటసామగ్రితో వచ్చి మర్రిచెట్ల కింద విడిది చేస్తాయి. ఎన్ని కుటుంబాలు వచ్చినా మెస్రం వారి వంటకు పొయ్యిలు 22 మాత్రమే, వంతులవారీగా వండుకుంటారు. ఇప్పుడు ఆటోలలో, బస్సులలో వచ్చేవారూ ఉన్నారు. కాని గూడు కట్టిన బండ్లు వరుసగా నిలిచిన ఆ మర్రి నీడలో నిలబడితే నాకు మా అవ్వ పక్కన పడుకున్న రాత్రులు జ్ఞాపకం వచ్చాయి. 1940లలో హైమెండార్ఫ్ అనే పండితుడి చొరవతో దర్బారు మొదలయినది కూడ ఈ జాతరలోనే. ప్రజలు అధికారులను వెతుక్కుంటూ పోకుండా, బండ్లు ఆగిన చోటికే అధికారులు వచ్చి వారి కష్టాలు వినాలని దాని ఉద్దేశం.

ఒక బండి దగ్గర కందెన పూస్తున్న ముసలాయన కనిపించాడు. "రాం రాం" అని పలకరించుకున్నాము. మా మనుమరాలు సెల్‌ఫోనులో మా కచ్చురం బొమ్మ చూపించింది. ఆయన చక్రాన్నే చాలాసేపు చూశాడు.

"కట్టు ఏ నెలల ఎక్కించిన్రు?"

"శ్రావణంలో."

ఆయన నవ్వాడు. "మంచిగనే ఉన్నది. ఎండకాలంల మీ బండే చెప్తది" అన్నాడు.

నిజంగానే బండి చెప్పింది. చైత్రం దాటేసరికి చక్రం తిప్పితే కటకట చప్పుడు. వైశాఖంలో కట్టు చేతితో కదిపితే కదిలింది. కారణం తెలిసినదేనా? కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే తగ్గుతుంది. నిలువు పొడవులో మార్పు బహు స్వల్పం, అడ్డంలో ఎక్కువ. వానకాలంలో ఉబ్బిన పూటీలకు కొలిచి చేసిన కట్టు, ఎండకు అవి సన్నబడగానే వదులైపోయింది. ఏండ్లతరబడి ఈ పాఠాన్ని నల్లబల్లమీద చెప్పిన నేనే, అవసరమైన రోజున దానిని మరచిపోయాను. వడ్రంగి తాత బడి మొగం చూడలేదు, ఆయన మరువలేదు.

సిగ్గుపడుతూ మళ్ళీ ఆయన ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆయన చేతులు వణుకుతున్నాయి, బాడిసె పట్టలేడు. ఆ మాట వినగానే నా గుండె జారింది. కట్టు సంగతి అటుంచండి. ఆ చేతులతోపాటు ఆ విద్య కూడ పోతుందేమోనని భయం. కాని ఆయన, "నన్ను మంచంమీద కొట్టం కాడికి తీసుకపోండ్రి" అన్నాడు. అలాగే మోసుకుపోయాము. ఆయన మంచంమీద నుండి చెప్పాడు. మా అబ్బాయి పూటీలు సరిచేశాడు. మనుమరాలు ఒక్కొక్క సంగతీ నోటుపుస్తకంలో రాసి, బొమ్మ గీసింది. కమ్మరి కట్టులోనుంచి చిన్న ముక్క కోసి తిరిగి అతికాడు. మండుటెండలో పిడకలు పేర్చి మళ్ళీ కాల్చాము. నీళ్ళు పడగానే ఆకులన్నీ కిర్రుమని కుండలోకి బిగుసుకున్న చప్పుడు కొట్టమంతా వినిపించింది. తాత తల ఊపాడు.

మరుసటి ఆదివారం పొరుగువారి ఎడ్లను అడిగి తెచ్చి కచ్చురం కట్టాము. గూటిలో మొదట ఎక్కించినది ఆ వడ్రంగి తాతనే. ధర్మపురి దాకా రెండు కోసులు ఆయన చెట్లను చూడలేదు, చేలను చూడలేదు. తల వంచి చక్రం చప్పుడే వింటూ కూర్చున్నాడు. గోదావరి కనబడగానే, "ఇగ ఫికర్ లేదు సారూ" అన్నాడు.

ఆ తరువాత మరో ఎండకాలం గడిచింది. కట్టు కదలలేదు. ఇప్పుడు మా కచ్చురం కొట్టంలో నిద్రపోదు. పండుగకు ఒకసారైనా ధర్మపురికి పోయి వస్తుంది. మనుమరాలి నోటుపుస్తకం కూడ భద్రంగా ఉన్నది.

బాలలూ! మీ ఇంటి అటకమీదనో, తాతగారి కొట్టంలోనో ఇటువంటిదేదైనా పడి ఉండవచ్చు. అది మగ్గం కావచ్చు, కవ్వం కావచ్చు, తాళం పట్టని పెట్టె కావచ్చు. దానికి రంగు వేయడానికి తొందరపడకండి. దానిని చేసిన చేతులెవరివో, ఆ పని తెలిసినవారు ఊళ్ళో ఇంకా ఉన్నారేమో అడగండి. ఉంటే, ఈ ఆదివారమే నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని వారి దగ్గరకు వెళ్ళండి.