కానాగంత కిందికి దిగింది

మా విశాఖవాళ్లకు ఒక చిన్న గర్వకారణం ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే దొర ఇక్కడి చేపలమీద 1803లో అచ్చువేసిన పుస్తకంలో, ఊరివాళ్లు అన్నట్టే ‘కనగుర్త’ అని రాసుకున్నాడు. 1816లో ఫ్రెంచి పండితుడు క్యూవియే దాన్నే శాస్త్రనామం చేశాడు. మన కానాగంతే లెండి!

పేరు నిలిచింది గాని, చేప నిలవడం లేదు. ఒకప్పుడది నీటిపైన గుంపులుగా తిరిగేది. తేలే వలలకు చిక్కేది. దేశం మొత్తంమీద పట్టిన కానాగంతల్లో, 1985–89లో సుమారు నూటికి 2 మాత్రమే అడుగును గీరే ట్రాలు వలల్లో పడ్డాయట. 2003–07 నాటికి 15. లోతునీరు కూడా వెచ్చబడుతుంటే తన తావును కిందికీ విస్తరించుకుంటోందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి అభిప్రాయం. మరబోట్లు పెరగడమూ కొంత కారణమేమో అని నాకనిపిస్తుంది.

చేపకేం, ఈత వచ్చు. మా వీధికి చేపలు తెచ్చే అవ్వ తట్టలో మొన్న అన్నీ నూనెకవళ్లే. అవి ఒకప్పుడు మలబారు తీరానివి; కొన్ని దశాబ్దాలుగా ఇటూ వస్తున్నాయి. కానాగంతలు లేవేమని అడిగాను.

“సేప అడుక్కి పోనాది తల్లీ. మా వల అందాకా దిగదు. మరబోటోడికి అందుతాది. మా గుంటడు ఆడికాడే కూలికెల్తన్నాడు.”

“మరి తెప్ప?”

“ఒడ్డున ఎండతంది” అని, కవళ్లు వాటాలు వేయసాగింది.