అన్న మాటకు ఏ కాలం? కడప జిల్లాలో మూడు తరగతి గదులు

పోటీ పరీక్షలకు చదివే పిల్లల్ని ఇంగ్లీషులో ఏది కష్టమని అడిగి చూడండి. చాలామంది చెప్పే పేరు డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్. ఒకరన్న మాటను మరొకరికి చేరవేసేటప్పుడు క్రియను ఏ టెన్సులో పెట్టాలన్నదే చిక్కు. ఆ పాఠం ఎలా నడుస్తోందో చూద్దామని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వెళ్లాను.

ప్రొద్దుటూరు బంగారం, బట్టల వ్యాపారంతో రెండో బొంబాయిగా పేరుపడిన ఊరు. అక్కడి కోచింగ్ సెంటర్లో బోర్డు నిండా పట్టికే. ఈజ్ ఉంటే వాజ్, విల్ ఉంటే వుడ్, డిడ్ ఉంటే హ్యాడ్ డన్, టుడే ఉంటే దట్ డే. బెంచీల మీద రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం. ఆ రెన్ బొంబాయి విద్యాశాఖలో పనిచేసినవాడు, ‘బో జెస్ట్’ నవల రాసినవాడు. ఆ వ్యాకరణాన్ని తర్వాతి తరాల కోసం సవరించినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు.

వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. “సార్, మనం ‘రేటు ఎక్కువుందని చెప్పినాడు’ అంటాం. ‘ఉంది’ అట్లనే ఉంటాది. ఇంగ్లీషులో ఏంటికి మార్చాల?”

“నిన్న అంగడాయన ‘ద ప్రైస్ ఈజ్ హై’ అన్నాడనుకో. ఈ పొద్దు కూడా అదే రేటుందని నువ్వు చెప్పగలవా?”

“చెప్పలేను సార్.”

“అందుకే వాజ్.”

బంగారం ధర తెలిసిన ఊళ్లో ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. తెలుగులో ‘అని’ చేర్చగానే అవతలివాడి మాట అతని కాలంతోనే మన వాక్యంలోకి వచ్చేస్తుంది. రష్యన్, జపనీస్ భాషల పద్ధతీ దాదాపు ఇదే. ఇంగ్లీషు మాత్రం చేరవేసేవాడు నిలబడ్డ చోటి నుంచి కాలాన్ని లెక్కగడుతుంది. మన పిల్లలు ‘హి సెడ్ ద ప్రైస్ ఈజ్ హై’ అని రాయడానికి కారణం తెలివితక్కువ కాదు, అమ్మభాష అలవాటు.

జమ్మలమడుగులో డిగ్రీ తరగతికి వెళ్లేసరికి గండికోట విహారం మీద వ్యాసం రాయిస్తున్నారు. కోట పెన్నా ఒడ్డున ఉందని గైడు చెప్పాడన్నది వాక్యం. పట్టిక ప్రకారం అందరూ వాజ్ రాశారు. ఒకమ్మాయికి అనుమానం వచ్చింది. “కోట యాడికీ పోలేదు కదా మేడమ్?”

లెక్చరర్ నవ్వి, ఈజ్ కూడా ఒప్పే అన్నారు. చెప్పిన సంగతి ఇప్పటికీ నిజమై, చేరవేసేవారు దానికి పూచీ పడగలిగితే వర్తమానాన్ని అలాగే ఉంచవచ్చు. వాజ్ రాసినా తప్పేమీ లేదు. అయితే గైడు మాట మీద అనుమానం ఉంటే వాజ్ మేలు, ఆ మాట బరువు గైడు మీదే ఉంటుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న శాశ్వత సత్యానికే ఈ మినహాయింపు అని పిల్లలు బట్టీపట్టి ఉన్నారు. పక్కనున్న కోటకూ అది వర్తిస్తుందని ఎవరూ చెప్పినట్టు లేదు.

మరో వాక్యం సి.పి. బ్రౌన్ మీద. ఇంగ్లీషువాళ్ల కోసం 1840లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. ఈ సంగతిని ‘షి సెడ్’ తర్వాత చెప్పాలంటే ‘హ్యాడ్ కమ్’ అనాలా? సంవత్సరం పక్కనే ఉంది కాబట్టి ఏది ముందో ఏది వెనకో తేలిపోయింది, ‘కేమ్’ చాలు.

పులివెందుల చీనీ, అరటి తోటల సీమ. చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు నీళ్ల కబురు ఇంటింటా ఉండేదే. హైస్కూలు మాస్టారు ఆ కబురునే పాఠం చేశారు. ‘వి విల్ రిలీజ్ వాటర్ టుమారో’ అని ఇంజనీరు సోమవారం అన్నాడు. ఆ సాయంత్రమే ఇంట్లో చెబితే విల్, టుమారో అలాగే ఉంచవచ్చు, ఆ రేపు ఇంకా రాలేదు. వారం తర్వాత చెబితే వుడ్, ద నెక్స్ట్ డే.

ముందు బెంచీ పిల్ల ఒక్క ముక్కలో తేల్చేసింది. “నీళ్లు వచ్చేసినాంక టుమారో అంటే, యా రేపని అడుగుతారు సార్.”

ఈ మాస్టారు పట్టిక చెరిపేయలేదు. దానికి ముందు మూడు ప్రశ్నలు రాయించారు. చెప్పింది ఎప్పుడు, చేరవేస్తున్నది ఎప్పుడు? చెప్పిన సంగతి ఇప్పటికీ నిజమేనా? అనుకున్న సమయం దాటిందా, ఇంకా రావాల్సి ఉందా? జవాబులు వచ్చాక టెన్సు దానంతటదే తేలుతోంది. పట్టిక అవసరం పరీక్ష దగ్గర పడుతుంది. బిట్టులో సందర్భం ఉండదు, సరైన జవాబు ఒక్కటే ఉంటుంది. అక్కడ వాజ్, వుడ్ పెట్టినవాళ్లకే మార్కులు. పిల్లలకు ఆ తేడా కూడా విడమరచి చెప్పాలి.

మూడు ఊళ్లలోనూ పిల్లలు అడిగిన ప్రశ్నలు సరైనవే. టీచర్లకు నా విన్నపం ఒక్కటే, ముందు ప్రశ్నలు, తర్వాత పట్టిక. ప్రశ్నపత్రం తయారుచేసేవారు కూడా ఆ మాట ఎప్పుడు అన్నదో, ఎప్పుడు చేరవేస్తున్నదో ఒక్క వాక్యంలో చెబితే బట్టీ కొట్టినవాడెవడో, ఆలోచించినవాడెవడో తేలిపోతుంది.