ఆదివారపు వాన

గత సంవత్సరము జూలై మాసారంభమున మన పాఠశాల ఆవరణములో, చెట్లనీడయు గోడనీడయు తగులని చోట, ఒక వర్షమాపకమును నిలిపితిమి. తొమ్మిదవ తరగతి పిల్లలు వంతులు వేసికొని ఉదయము 8 గంటల 30 నిమిషములకు దానిలోని నీటిని కొలిచి నోటుపుస్తకములో వ్రాయుచు వచ్చిరి. ఆ వేళనే కొలువవలెనని నేను పట్టుపట్టుటకు కారణము కలదు. 1875వ సంవత్సరమున స్థాపింపబడిన భారత వాతావరణ శాఖవారు నేటికిని ఆ వేళకే వానను కొలిచి, అంతకు ముందటి ఇరువదినాలుగు గంటలలో పడినదానిని ఆ దినపు పద్దున వ్రాయుదురు. సెప్టెంబరు ముగిసిన పిమ్మట నలుగురేసి పిల్లలు జట్టుగా చేరి ఆ లెక్కలను పటములుగా గీయవలెననియు, ఒక జట్టు పటమును మఱియొక జట్టు పరీక్షించి చీటీమీద అభిప్రాయము వ్రాసి ఇయ్యవలెననియు ఏర్పాటు చేసితిని. అందఱికిని లెక్క యొక్కటే; గీయు తీరు మాత్రము ఎవరిది వారిది.

మొదటి దినమున వచ్చిన చీటీలను ఇంటికి కొనిపోయి చదివితిని. సగము చీటీలలో “చాల బాగున్నది” అని మాత్రమే యుండెను. తక్కిన వానిలో “మా పటమంత బాగులేదు” అనియు, “అక్షరములు కోడి గీకినట్లున్నవి” అనియు నుండెను. ఒక జట్టువారు రంగులు లేక వట్టి పెన్సిలుతోనే గీసిరి. వారు వాన లేని దినమున అడుగున సున్న చుట్టిరి గాని, నడుమ నడుమ అడుగుగీతను సైతము తెంచి తెల్లని ఖాళీలు వదలిరి. దానిమీద ఎవరో “పళ్లూడిన ముసలమ్మ నోరు” అని వ్రాసిరి. అది చదివి నేనును నవ్వితినని దాచనేల? నవ్వి, ఎఱ్ఱసిరాతో “అసంపూర్తి” అని వ్రాసి, మార్కులు తగ్గించితిని.

మఱునాడు ఆ జట్టులోని బాలుడొకడు పటమును నాలుగు మడతలు పెట్టి చంకన ఇఱికించుకొని నా యొద్దకు వచ్చి, “దీన్ని గోడకు పెట్టకండి మాస్టారూ, మళ్లీ గీసి తెస్తానండి” అనెను. ఏమి మార్చి గీయుదువని అడిగితిని. వాడు తల వంచుకొని నిలిచెను. మార్చవలసిన దేదో వానితో ఎవరును చెప్పలేదు. నేనును చెప్పలేదు.

అప్పుడు ఇరువది యేండ్ల క్రిందటి సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో విమర్శపాఠమను పద్ధతి యుండెడిది. ఒకరు పాఠము చెప్పుచుండగా తక్కినవారము వెనుక బల్లలమీద కూర్చుండి గుణదోషములు వ్రాయుచుంటిమి. నాకంటె వయసున పెద్దవాడగు సహాధ్యాయి యొకడు భిన్నములు బోధించినప్పుడు నేను రెండు పుటలనిండ దోషములు వ్రాసి, ఇన్ని కనిపెట్టినవాడను నేనొక్కడనే యని గర్వించితిని. సాయంకాలము ఆయన ఆ కాగితమును నా చేతికిచ్చి, కోపింపక, “తమ్ముడా, వీటిలో రేపు ఉదయము నేను మొదట దిద్దుకొనవలసిన దేదో ఒక్కదానికి గుర్తుపెట్టి ఇమ్ము” అనెను. ఎంతసేపు చూచినను గుర్తు పెట్టలేకపోతిని. కంఠము బాగులేదనియు చుఱుకుదనము లేదనియు వ్రాసితిని గాని, ఏ మాటయొద్ద పిల్లలు త్రోవ తప్పిరో వ్రాయనే లేదు. ఆ కాగితమును ఆయన చింపివేయలేదు. నాకే తిరిగి యిచ్చెను. అది మఱింత కష్టముగా నుండెను.

కావున పిల్లలచేత చీటీలు మరల వ్రాయించితిని. ముందుగా పటము మీకు తెలిపిన సంగతి యొకటి వ్రాయుడి, తరువాత మీకు అర్థము కాని చోటును వ్రేలితో చూపి ప్రశ్న యడుగుడి, రంగులను గూర్చియు దస్తూరిని గూర్చియు కడపట చూచుకొందము అని చెప్పితిని. “బాగున్నది” అను మాటను నిషేధించితిని. దీనికి కొందఱు బాలికలు నొచ్చుకొనిరి.

ఈసారి తరగతిలో మాటలు పెరిగినవి. ఒక జట్టువారు ఉష్ణోగ్రతను పట్టీలుగా గీసి అడుగుగీతను 24 డిగ్రీలవద్ద ప్రారంభించిరి. అందుచేత 32 డిగ్రీల దినము 28 డిగ్రీల దినమునకు రెట్టింపు ఎత్తున నిలిచెను. “ఆ రోజు రెండింతలు ఎండ కాసిందా?” అని ఎదుటి జట్టువారు అడిగిరి. పట్టీకి పొడవే లెక్క గనుక అది సున్ననుండి లేవవలెననియు, ఉష్ణోగ్రతకు చుక్కలు పెట్టి గీతతో కలిపినచో 24 నుండి మొదలుపెట్టినను మోసముండదనియు, నేను నోరు తెఱవకమునుపే వారు వాదించుకొని తేల్చుకొనిరి. వానదినములను లెక్కించిన మఱియొక జట్టును “తుంపర కూడా వానేనా?” అని అడిగిరి. 2.5 మిల్లీమీటర్లకు తక్కువ పడిన దినమును వాతావరణ శాఖవారు వానదినముగా నెంచరని చెప్పగా ఆ లెక్క తగ్గిపోయెను.

పెన్సిలు పటము ఒక బాలిక చేతికి వచ్చెను. మడతలు సవరించి చాలసేపు చూచి, “ఈ ఖాళీలు ఏడేసి రోజులకు ఒకటి వస్తున్నాయి. ఎందుకు?” అని యడిగెను.

“ఆదివారం బడి లేదు కదా. ఎవరూ కొలవలేదు. కొలవనిదానికి సున్న ఎట్లా వేస్తాం?” అని వాడు బదులు చెప్పెను.

తరగతిలో ఒక్కసారి కాగితముల చప్పుడు బయలుదేరెను. అందఱును తమ తమ పటములు చూచుకొనిరి. ప్రతి పటములోను ఆదివారమున సున్న యుండెను.

బాలిక అంతటితో విడువలేదు. “మరి ఈ సోమవారం పట్టీ ఇంత పొడవు ఎందుకుంది? ఆగస్టు రెండో ఆదివారం మనం గుడి నుంచి తడిసిపోయి వచ్చాం. అది ఆదివారపు వాన కాదా?” ఆ సోమవారపు పద్దు 46 మిల్లీమీటర్లు. శనివారము ఉదయము మొదలు పడినదంతయు దానిలో చేరినది. ఈ సంగతి ఆ బాలునికిని తోచలేదు. రెండు దినములకు చెరి 23 పంచుదమని యొకరనిరి. అదియు కల్పనయే యని మఱియొకరనిరి. కడకు ఆ పట్టీని సోమవారమునందే యుంచి, ఏటవాలు గీతలతో నింపి, పైన “48 గంటల వాన” అని వ్రాసిరి. ఖాళీలను ఖాళీలుగానే యుంచిరి.

నేను వ్రాసిన “అసంపూర్తి” అను మాట ఆ ఖాళీల ప్రక్కనే యుండెను. దానిని తరగతి యెదుట కొట్టివేసి మార్కులు దిద్దితిని. ఆదివారపు సున్నలకు నిండు మార్కులు వేసినవాడను నేనే గనుక తక్కినవారికి ఏమియు తగ్గింపలేదు. పటము ఇప్పుడు కార్యాలయము ప్రక్క వసారాలో నున్నది. మడతల గుర్తులు పోలేదు.

అక్టోబరునుండి ఆదివారపు కొలత వసతిగృహపు బాలురు తీసికొనిరి. మొదటి ఆదివారమున ఒకడు ఆరాధనకు ఆలస్యముగా వచ్చి, నా ప్రక్కనుండి పోవుచు చెవియొద్దకు వంగి, “పదకొండు మిల్లీమీటర్లండీ” అని చెప్పి, వెళ్లి తన చోట కూర్చుండెను.